తాళము ఎక్కడ వేయవలెను? గణకయంత్రములలో ఉమ్మడి లెక్కల కథ

ఒకే పుస్తకములో ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి లెక్కలు వ్రాయబోతే ఏమగునో ఊహించుట కష్టము కాదు. ఒక బ్యాంకులో ఒక ఖాతాదారుని నిలవ 1000 రూపాయలు ఉన్నదనుకొందాము. మొదటి గుమాస్తా ఆ అంకెను చూచి, జమ చేయవలసిన 500 కలిపి, 1500 అని తన కాగితముపై వేసికొన్నాడు. అదే సమయమున రెండవ గుమాస్తా కూడ 1000 అను అంకెనే చూచి, చెల్లించవలసిన 200 తీసివేసి, 800 అని తన కాగితముపై వేసికొన్నాడు. మొదటివాడు పుస్తకములో 1500 అని వ్రాసినాడు. మరుక్షణమున రెండవవాడు దానిని కొట్టివేసి 800 అని వ్రాసినాడు. ఉండవలసిన నిలవ 1300. ఇద్దరి లెక్కలలో ఏ ఒక్కటియు తప్పు కాదు. అయినను ఖాతాదారుని 500 రూపాయలు మాయమైనవి.

ఇట్టి నష్టమునకు కంప్యూటరు శాస్త్రజ్ఞులు 'పోయిన సవరణ' అని పేరు పెట్టినారు. చేతితో లెక్కలు వ్రాసినంత కాలము ఇది పెద్ద చిక్కు కాలేదు. పుస్తకము ఒక్కటే కాబట్టి, అది ఒకరి బల్ల మీద ఉన్నంతసేపు రెండవవాడు వేచి ఉండక తప్పదు. పుస్తకమే తాళమువలె పనిచేసెడిది. గణకయంత్రములు వచ్చిన తరువాత పుస్తకము కంటికి కనబడని వస్తువు అయినది. ఒకే లెక్కను వందలమంది, వందల ఊళ్ళనుండి, ఒకే క్షణమున చూడవచ్చును. అప్పుడు తాళమును మనిషి బుద్ధిపూర్వకముగా తయారు చేయవలసి వచ్చినది. ఆ తాళమును ఎట్లు చేయవలెను, ముఖ్యముగా ఎక్కడ వేయవలెను అనునదే ఈ చరిత్ర.

విమానపు సీట్లు

ఈ చిక్కు పెద్ద ఎత్తున మొదట ఎదురైన రంగములలో విమానపు టిక్కెట్ల వ్యాపారము ఒకటి. 1950 ప్రాంతమున అమెరికాలో సీట్ల లెక్క కార్డుల మీద ఉండెడిది. గుమాస్తాలు ఆ కార్డులను తీసి, గుర్తు పెట్టి, తిరిగి పెట్టెలో ఉంచెడివారు. ఒకే సీటును ఇద్దరికి అమ్ముట, ఖాళీ ఉన్న సీటును లేదని చెప్పుట తరచుగా జరిగెడివి. 1953లో లాస్ ఏంజెలిస్ నుండి న్యూయార్కు వెళ్ళు విమానములో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి.ఆర్. స్మిత్, ఐ.బి.ఎం. కంపెనీ ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ప్రక్కప్రక్కన కూర్చొనుట తటస్థించినది. ఇంటిపేరు కలిసిన ఆ ఇద్దరి సంభాషణ ఫలితముగా 'సేబర్' అను రిజర్వేషను వ్యవస్థకు బీజము పడినది. 1960 దశాబ్దపు మొదటి భాగములో అది న్యూయార్కు సమీపమున బ్రయర్‌క్లిఫ్ మేనర్ అను చోట రెండు ఐ.బి.ఎం. 7090 యంత్రములపై పని ప్రారంభించినది.

సేబర్ వంటి వ్యవస్థలో సీట్ల లెక్క ఒక్కచోటనే ఉండును. అడిగేవారు మాత్రము దేశమంతట ఉందురు. అందుచేత ఒకే లెక్కపై రెండు అభ్యర్థనలు ఒకేసారి వచ్చి పడకుండ కాపాడు బాధ్యత యంత్రమునకే చెందినది. అయితే ఆ కాపుదల ఏ సూత్రముపై నిలువవలెనో అప్పటికింకను శాస్త్రముగా రూపొందలేదు.

మెమరీలోని తాళము

ఆ సూత్రమునకు గణితరూపము ఇచ్చినవారు డచ్చి దేశస్థులు. ఒకే మెమరీని, అనగా యంత్రపు జ్ఞాపకమును, రెండు ప్రోగ్రాములు పంచుకొనునప్పుడు ఒక సమయమున ఒక్కటే కీలకమైన పనిలో ఉండునట్లు చేయుట ఎట్లు? రెండు ప్రోగ్రాముల విషయములో దీనికి సరియైన పరిష్కారమును డెకర్ అను గణితజ్ఞుడు కనుగొన్నాడు. ఎన్ని ప్రోగ్రాములు ఉన్నను పనిచేయు పరిష్కారమును ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1965లో ఒక చిన్న వ్యాసములో ప్రకటించినాడు. ఆ వ్యాసము దాదాపు ఒక్క పుట మాత్రమే. అయినను ఆ తరువాత వచ్చిన వందల పరిశోధనలకు అదే మూలమైనది.

డైక్‌స్ట్రా ప్రవేశపెట్టిన మరియొక సాధనము 'సెమఫోర్'. ఈ పేరు రైలు మార్గపు చేతి కంబమునుండి తీసికొన్నది. ఒంటిదారి రైలు మార్గముపై రెండు స్టేషనుల నడుమ ఒకే రైలు ఉండవలెను. అందుకొరకు డ్రైవరుకు లోహపు టోకెను ఒకటి ఇచ్చెడివారు. టోకెను చేతిలో లేనిదే బండి కదలరాదు. అవతలి స్టేషనులో దానిని అప్పగించిన తరువాతనే మరియొక బండికి దారి దొరకును. సెమఫోర్ చేయు పనియు ఇదే. మెమరీలో ఒక చిన్న అంకె ఉండును. పనిలో ప్రవేశించు ప్రోగ్రాము దానిని తగ్గించును. పని ముగించిన ప్రోగ్రాము దానిని పెంచును. అంకె సున్న అయినప్పుడు వచ్చినవారు వేచి ఉండవలెను. ఇందులో కిటుకు ఏమనగా, అంకెను చూచుట, తగ్గించుట అను రెండు పనులును మధ్యలో ఎవరును జొరబడలేని ఒకే పనిగా జరుగవలెను.

1973, 1974 సంవత్సరములలో పెర్ బ్రించ్ హాన్‌సెన్, సి.ఏ.ఆర్. హోర్ అను శాస్త్రజ్ఞులు ఈ తాళమును ప్రోగ్రాము భాషలోనే ఒక భాగముగా చేసి, దానికి 'మానిటర్' అని పేరు పెట్టినారు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ విడుదల చేసిన జావా భాషలో ఈ భావమే ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. ఆ మాట వ్రాసిన చోట ఒక సమయమున ఒక్క పనివాడే ప్రవేశించును.

ఈ తాళమునకు గల గొప్ప గుణము వేగము. మెమరీలో ఒక అంకెను చూచుటకు సుమారు ఒక సెకనులో కోటవ వంతు చాలును. తిరుగుచున్న అయస్కాంతపు డిస్కులో ఒక అంకెను వెదకి తెచ్చుటకు సుమారు సెకనులో నూరవ వంతు పట్టును. అనగా రెండింటి నడుమ లక్ష రెట్ల భేదము. కాని ఈ తాళమునకు ఒక పరిమితియు ఉన్నది. అది ఉన్న ప్రోగ్రాములోని పనివారికి మాత్రమే అది కనబడును. యంత్రము ఆగిన యెడల తాళము, తాళముచెవి రెండును మాయమగును.

డేటాబేసులోని తాళము

1970లో ఐ.బి.ఎం. శాన్ హోసే ప్రయోగశాలలో పనిచేయుచుండిన ఇ.ఎఫ్. కాడ్ సమాచారమును పట్టికలుగా, వరుసలుగా అమర్చు విధానమును ప్రతిపాదించినాడు. ఆ విధానము ఆచరణలో సాధ్యమని నిరూపించుటకు అదే ప్రయోగశాలలో 1974లో 'సిస్టమ్ ఆర్' అను ప్రయత్నము మొదలైనది. పట్టికలను అనేకమంది ఒకేసారి వాడుకొనుట ఎట్లు అను ప్రశ్నకు అక్కడ ఎస్వరన్, గ్రే, లోరీ, ట్రేగర్ అను నలుగురు 1976లో ఇచ్చిన సమాధానము నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచి ఉన్నది.

వారి ఆలోచనలో మూల పదము లావాదేవి. ఒక ఖాతా నుండి 200 తీసి మరియొక ఖాతాలో వేయుట రెండు పనులైనను, అది ఒకే లావాదేవి. జరిగిన యెడల రెండును జరుగవలెను, లేనియెడల ఏదియు జరుగరాదు. అనేక లావాదేవీలు కలిసి నడచినను, ఫలితము మాత్రము ఒకదాని తరువాత ఒకటి నడచినట్లే ఉండవలెను. ఇందుకు వారు చెప్పిన నియమము రెండు దశల తాళము. మొదటి దశలో లావాదేవి తనకు కావలసిన తాళములను ఒక్కొక్కటిగా వేసికొనుచు పోవును. ఒక్క తాళమైనను వదలిన తరువాత క్రొత్త తాళము వేయరాదు. ఈ ఒక్క నియమమును అందరును పాటించిన యెడల పోయిన సవరణ అసంభవమని వారు రుజువు చేసినారు.

తాళములలో రెండు రకములు ఉండును. నోటీసు బోర్డును పదిమంది ఒకేసారి చదువవచ్చును. అందుచేత చదువు తాళమును పంచుకొనవచ్చును. బోర్డుపై క్రొత్త నోటీసు వ్రాయునప్పుడు మాత్రము అందరును తొలగి ఉండవలెను. అందుచేత వ్రాత తాళము ఒకరికే చెందును. ఇక తాళము ఎంత పెద్దదిగా ఉండవలెనను ప్రశ్న మిగులును. పట్టిక మొత్తమునకు తాళము వేసిన యెడల పని సులువు, కాని అందరును ఆగిపోవుదురు. ఒక్కొక్క వరుసకు వేసిన యెడల అందరును కదలుదురు, కాని తాళముల లెక్క చూచుటయే ఒక పని అగును. జిమ్ గ్రే, ఆయన సహచరులు ఈ రెండింటిని కలుపు మార్గమును చూపినారు. వరుసకు తాళము వేయువాడు ముందుగా పట్టికపై 'లోపల పని జరుగుచున్నది' అను చిన్న గుర్తు ఉంచును. పట్టిక మొత్తము కావలసినవాడు ఆ గుర్తును చూచి ఆగును. లావాదేవీల శాస్త్రమునకు చేసిన సేవకు గ్రే 1998లో ట్యూరింగ్ బహుమానము పొందినాడు.

తాళముల వెంట ఒక ప్రమాదము కూడ వచ్చినది. మొదటి లావాదేవి ఒకటవ ఖాతాకు తాళము వేసి రెండవ ఖాతా కొరకు వేచి ఉన్నది. రెండవ లావాదేవి రెండవ ఖాతాకు తాళము వేసి ఒకటవ ఖాతా కొరకు వేచి ఉన్నది. ఇట్లు యుగాంతము వరకు ఇద్దరును వేచి ఉండవచ్చును. దీనికి ప్రతిష్టంభన అని పేరు. డేటాబేసు ఎవరు ఎవరి కొరకు వేచి ఉన్నారో ఒక చిత్రముగా వ్రాసికొని, ఆ చిత్రములో చుట్టు కనబడిన వెంటనే ఒక లావాదేవిని రద్దు చేయును. రద్దైనది తిరిగి మొదలు పెట్టుకొనవచ్చును. ఈ సంగతి ముందు మరల అవసరమగును.

తాళము లేని మార్గము

తాళము వేయకుండనే పని జరుగదా అను ప్రశ్నను 1981లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన హెచ్.టి. కుంగ్, జాన్ రాబిన్‌సన్ లేవదీసినారు. అనేక సందర్భములలో ఇద్దరు ఒకే వరుసపై పడుట అరుదు. అరుదైన దానికొరకు ప్రతిసారి అందరిని ఆపుట ఎందుకు? ఎవరి పని వారు ప్రతిపై చేసికొని, చివర వ్రాయబోవునప్పుడు మాత్రము 'ఈ నడుమ ఇతరులెవరైన దీనిని మార్చినారా?' అని పరీక్షించిన చాలును. మార్చి ఉన్నయెడల తన పనిని తిరిగి చేసికొనవలెను. ఈ విధానమునకు ఆశావాద పద్ధతి అని పేరు వచ్చినది. ముందే తాళము వేయు పద్ధతికి నిరాశావాద పద్ధతి అను పేరు దానంతట అదే అంటుకొన్నది.

ఆచరణలో ఈ పరీక్ష చాల సులువు. ప్రతి వరుసలో కూర్పు సంఖ్య అని ఒక అంకెను అదనముగా ఉంచుదురు. పై బ్యాంకు ఖాతాలో అది 7 అనుకొందాము. మొదటి గుమాస్తా 'కూర్పు సంఖ్య ఇంకను 7 ఉన్నయెడల, నిలవను 1500గాను, సంఖ్యను 8గాను మార్చుము' అని ఆజ్ఞ ఇచ్చును. అది నెరవేరును. రెండవ గుమాస్తా కూడ 'సంఖ్య 7 ఉన్నయెడల 800గా మార్చుము' అని అడుగును. సంఖ్య ఇప్పుడు 8 కాబట్టి ఏ వరుసయు మారదు. మారిన వరుసలు సున్న అని డేటాబేసు చెప్పును. రెండవ గుమాస్తా మరల చదివి, 1500లో 200 తీసివేసి, 1300 అని వ్రాయును. ఎవరి సొమ్మును పోలేదు.

ఆబ్జెక్టుల రాక

ఇంతలో ప్రోగ్రాములు వ్రాయు పద్ధతియే మారినది. 1960 దశాబ్దములో నార్వేలో ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ తయారు చేసిన సిమ్యులా భాష, 1970 దశాబ్దములో జిరాక్స్ కంపెనీ పాలో ఆల్టో ప్రయోగశాలలో పుట్టిన స్మాల్‌టాక్ భాష 'ఆబ్జెక్టు' అను భావమును ప్రచారములోనికి తెచ్చినవి. ఖాతా, ఖాతాదారుడు, చెక్కు ఇవన్నియు మెమరీలో సజీవమైన వస్తువులుగా ఉండి, ఒకదానితో ఒకటి సంభాషించును. అయితే మెమరీ తాత్కాలికము. విద్యుచ్ఛక్తి పోయిన క్షణమున ఆబ్జెక్టులన్నియు పోవును. వానిని నిలువ ఉంచుట ఎట్లు?

1980 దశాబ్దపు తొలి సంవత్సరములలో ఎడిన్‌బరోలో మాల్కమ్ అట్కిన్‌సన్, ఆయన సహచరులు భాషలోనే శాశ్వతత్వమును ఇముడ్చుటకు ప్రయత్నించినారు. 1984లో కోప్‌లండ్, మేయర్ అను ఇరువురు స్మాల్‌టాక్‌ను డేటాబేసుగా మార్చు మార్గమును వివరించినారు. 'జెమ్‌స్టోన్' అను వ్యవస్థ దాని ఫలితము. కాని ప్రపంచములోని లెక్కలు చాలమట్టుకు అప్పటికే కాడ్ పట్టికలలో చేరి ఉన్నవి. అందుచేత మెమరీలోని ఆబ్జెక్టుకు, డిస్కులోని వరుసకు నడుమ దుబాసీ వంటి మధ్యవర్తి సాఫ్ట్‌వేరు అవసరమైనది. 1990 దశాబ్దములో టాప్‌లింక్, 2001లో ఆస్ట్రేలియాకు చెందిన గావిన్ కింగ్ ప్రారంభించిన హైబర్నేట్ ఈ కోవకు చెందినవి. మధ్యవర్తి వరుసను చదివి ఆబ్జెక్టును నిర్మించును. ఆబ్జెక్టు మారినప్పుడు వరుసను సవరించును. తరచుగా కావలసిన వానిని మెమరీలోనే అట్టిపెట్టును.

అసలు చిక్కు ఇక్కడనే మొదలైనది. ఇప్పుడు ఒకే నిలవ రెండు చోట్ల ఉన్నది: డిస్కులో వరుసగా ఒకటి, మెమరీలో ఆబ్జెక్టుగా ఒకటి. తాళము దేనికి వేయవలెను?

రెండు మార్గములు

అపాచీ సంస్థ ఆధ్వర్యమున తయారైన ఓ.జే.బీ. అను మధ్యవర్తి సాఫ్ట్‌వేరు ఈ ప్రశ్నను విప్పి చూపిన మంచి ఉదాహరణ. 2011లో విరమించబడిన ఈ సాఫ్ట్‌వేరులో తాళముల చిట్టాను ఎక్కడ ఉంచవలెనో ప్రోగ్రాము వ్రాయువాడే ఎన్నుకొనవచ్చును. ప్రోగ్రాము మెమరీలో ఉంచవచ్చును. లేదా డేటాబేసులోనే ప్రత్యేకమైన పట్టికలో ఉంచవచ్చును. లేదా తాళముల కొరకే నడుచు వేరొక సర్వరుకు అప్పగించవచ్చును.

మెమరీలోని చిట్టాతో లాభములు స్పష్టము. తాళము దొరకునో లేదో తెలిసికొనుటకు డేటాబేసు దాక పోనక్కరలేదు. వ్యర్థమైన పని ముందే ఆగును. డేటాబేసు ఏ కంపెనీదైనను తాళపు నియమములు ఒకే విధముగా ఉండును. ఒకే ప్రోగ్రాము, ఒకే యంత్రముపై, ఆ పట్టికల ఏకైక అధిపతిగా నడచినంత కాలము ఇది సరిపోవును.

కాని వ్యాపారము పెరిగి, ఒక యంత్రము చాలక, అదే ప్రోగ్రామును రెండవ యంత్రముపై కూడ నడుపుట మొదలైన నాడు పరిస్థితి తలక్రిందులగును. ప్రతి ప్రోగ్రామునకు తన చిట్టా తనకే ఉన్నది. మొదటి యంత్రము తన మెమరీలో ఖాతాకు తాళము వేసినది. రెండవ యంత్రమునకు అది కనబడదు. తన చిట్టాలో ఖాళీ చూచి, తానును తాళము వేసినది. ఇద్దరి చేతిలోను తాళముచెవులు ఉన్నవి. ఇద్దరును తామే యజమానులమని నమ్మినారు. మొదట చెప్పిన ఇద్దరు గుమాస్తాల కథ మరల జరుగును. రెండవ యంత్రము లేకున్నను ప్రమాదము ఉన్నది. రాత్రివేళ వడ్డీ లెక్క కట్టు వేరొక ప్రోగ్రాము మధ్యవర్తిని దాటి నేరుగా పట్టికలను సవరించవచ్చును. మెమరీలోని తాళము దానిని ఆపలేదు.

ఈ దోషము మరింత మోసకరమైనదగుటకు కారణము, అది పరీక్షలలో సాధారణముగా బయటపడకపోవుట. ప్రోగ్రాము వ్రాసినవాడు తన బల్లమీది ఒక్క యంత్రముపై పరీక్షించును. అక్కడ తాళము చక్కగా పనిచేయును. నిజమైన వాడుకలో మాత్రము ఎప్పుడో ఒకప్పుడు, ఇద్దరు ఒకే క్షణమున వచ్చినప్పుడు, ఏ హెచ్చరికయు లేకుండ ఒక సవరణ మాయమగును.

డేటాబేసులోని వరుసకే తాళము వేసిన యెడల ఈ చిక్కు లేదు. ఎన్ని యంత్రములున్నను వరుస ఒక్కటే. అయితే దీనికిని ఖర్చు ఉన్నది. తాళము లావాదేవి ఉన్నంతసేపు నిలుచును. లావాదేవి ఉన్నంతసేపు డేటాబేసుతో ఒక సంబంధము తెరచి ఉండవలెను. తెరపై ఖాతా వివరములు తెరచి, సవరించకముందే ఉద్యోగి కాఫీకి పోయినాడనుకొందాము. తిరిగి వచ్చువరకు ఆ వరుస కొరకు మిగిలినవారందరును నిలిచి ఉండవలసినదే. అందుచేతనే మనిషి ఆలోచించు సమయమున డేటాబేసు తాళమును పట్టుకొని ఉండరాదను నియమము ఏర్పడినది. 2002లో మార్టిన్ ఫౌలర్ ప్రచురించిన గ్రంథములో ఇట్టి దీర్ఘమైన పనుల కొరకు కూర్పు సంఖ్యను వాడుట, లేదా తాళమునే ఒక పట్టికలో వరుసగా వ్రాసిపెట్టుట అను రెండు మార్గములను వివరించినాడు.

రెండు తాళములను కలిపి వాడిన యెడల మరియొక చిక్కు. ఒక పనివాడు మెమరీ తాళమును పట్టుకొని డేటాబేసు తాళము కొరకు వేచి ఉన్నాడు. మరియొకడు డేటాబేసు తాళమును పట్టుకొని మెమరీ తాళము కొరకు వేచి ఉన్నాడు. డేటాబేసు తన చిత్రములో చూచుకొన్నను చుట్టు కనబడదు, ఎందుకనగా మెమరీ తాళము దాని చిత్రములో లేదు. ప్రోగ్రామునకు డేటాబేసు లోపలి సంగతి తెలియదు. ఇద్దరు కావలివారిలో ప్రతివారికి సగము వీథియే కనబడుటచేత ప్రతిష్టంభనను ఎవరును గుర్తింపలేరు. కొంతసేపు చూచి విరమించుట, తాళములను అందరును ఒకే వరుసక్రమములో వేయుట అనునవి మాత్రమే అప్పుడు రక్షణ.

అనుభవము ఏ వైపునకు మొగ్గినదో ప్రమాణముల చరిత్ర చెప్పును. జావా భాషలో ఆబ్జెక్టులను నిలువ చేయుటకు 2006లో వెలువడిన జె.పి.ఏ. అను ప్రమాణము కూర్పు సంఖ్యతో కూడిన ఆశావాద పద్ధతిని స్వీకరించినది. 2009లో వచ్చిన రెండవ కూర్పులో డేటాబేసు స్థాయి నిరాశావాద తాళములను కూడ చేర్చినారు. రెండింటిలోను తుది తీర్పు డేటాబేసుదే. మెమరీలోని ప్రతి వేగము కొరకు మాత్రమే మిగిలినది.

సికింద్రాబాదు ఉదాహరణ

ఈ సూత్రమునకు భారతీయ రైల్వేల చరిత్రలో చక్కని దృష్టాంతము ఉన్నది. 1985లో న్యూఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. దేశమునకంతకును పనికివచ్చునట్లు రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రము, అనగా క్రిస్, తయారు చేసిన 'కాన్సర్ట్' అను సాఫ్ట్‌వేరును మొట్టమొదట 1994 సెప్టెంబరులో సికింద్రాబాదులో అమలు పరచినారు. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాదు అను ఐదు కేంద్రములను కలిపినారు. ఏ ఊరి కిటికీ వద్దనైనను ఏ రైలుకైనను టిక్కెట్టు కొను వీలు కలిగినది.

ఇక్కడ గమనింపదగిన విషయము ఒకటి. బెర్తుల లెక్కను ఐదు కేంద్రములలోను నకళ్ళుగా ఉంచి, ఎవరి నకలుకు వారు తాళము వేసికొనుట జరుగలేదు. ఒక్కొక్క రైలు లెక్క ఒక్కొక్క కేంద్రములో ఉండెను. విజయవాడలో కూర్చున్న గుమాస్తా ఢిల్లీ కేంద్రపు రైలులో బెర్తు అడిగిన యెడల, ఆ అభ్యర్థన ఢిల్లీకే పోయి అక్కడనే తీర్మానమగును. తాళము లెక్క ఉన్న చోటనే పడును. దూరము వలన కొంత ఆలస్యమైనను, ఒకే బెర్తుకు ఇద్దరు యజమానులు ఏర్పడరు.

అనేక యంత్రములు ఒకే తాళపు చిట్టాను పంచుకొను మార్గములు కూడ లేకపోలేదు. 1983లో డిజిటల్ కంపెనీ ప్రకటించిన వాక్స్ క్లస్టరులో ప్రతి తాళపు లెక్కను ఏదో ఒక యంత్రము చూచును. అది పడిపోయిన యెడల మిగిలినవి ఆ లెక్కను తిరిగి నిర్మించుకొనును. 2006లో గూగుల్ కంపెనీ 'చబ్బీ' అను తాళపు సర్వరును వివరించినది. అందులో తాళము గడువుతో కూడిన అద్దె వంటిది. యజమాని పలుకకుండ పోయిన యెడల గడువు తీరి మరియొకరికి దొరకును. పాత యజమాని ఆలస్యముగా లేచి వ్రాయబోకుండ, తాళముతోపాటు క్రమసంఖ్యను కూడ ఇచ్చు ఏర్పాటు ఉన్నది. పాత సంఖ్యతో వచ్చిన ఆజ్ఞను లెక్క ఉంచువాడు త్రిప్పిపంపవచ్చును. ఇందులోను చివరి పరీక్ష లెక్క ఉన్న చోటనే జరుగుట గమనార్హము.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును కంప్యూటరు లేకుండనే విద్యార్థులకు చూపవచ్చును. నల్లబల్లను వరండాలో ఉంచి దానిపై 1000 అని వ్రాయవలెను. నలుగురు విద్యార్థులకు 'కలుపుము 500', 'తీసివేయుము 200' వంటి చీటీలు ఇవ్వవలెను. ప్రతివారు బల్లను చూచి, తరగతిలోనికి పోయి, కాగితముపై లెక్క చేసి, తిరిగి వచ్చి జవాబు వ్రాయవలెను. మొదటిసారి ఏ నియమము పెట్టకూడదు. వచ్చిన జవాబును సరియైన జవాబుతో పోల్చి చూపవలెను.

రెండవసారి ఒక డస్టరు ఉంచి, అది చేతిలో ఉన్నవారే బల్లను చూచి వ్రాయవలెనని నియమము పెట్టవలెను. జవాబు సరిపోవును, కాని కాలము ఎక్కువ పట్టును. మూడవసారి ఇద్దరిని ఒక తరగతి గదిలోను, ఇద్దరిని ప్రక్క గదిలోను కూర్చుండబెట్టి, ఒక్కొక్క గదికి ఒక్కొక్క డస్టరు ఇవ్వవలెను. ప్రతి గదిలోను క్రమశిక్షణ కనబడును. బల్లమీద మాత్రము మరల తప్పు రావచ్చును. నాల్గవసారి డస్టరులు తీసివేసి, బల్ల మూలన కూర్పు సంఖ్య వ్రాసి, తాము చూచిన సంఖ్య మారకున్ననే వ్రాయవలెనని చెప్పవలెను. ఎవరు తిరిగి లెక్క చేయవలసి వచ్చినదో లెక్కించవలెను.

మూడవ ప్రయోగములో తప్పు ఎందుకు వచ్చినదో విద్యార్థి తనంతట తాను చెప్పగలిగిన యెడల, డైక్‌స్ట్రా నాటినుండి నేటివరకు జరిగిన ఈ చరిత్రలోని సారమును గ్రహించినట్లే. డస్టరు చెడ్డది కాదు, గదిలోని పిల్లలు నియమమును తప్పలేదు. డస్టరు గదిలో ఉన్నది, బల్ల వరండాలో ఉన్నది. ఉమ్మడి వస్తువు ఎక్కడ ఉన్నదో అక్కడనే దాని తాళము ఉండవలెను.